ఖాళీ సమయంలో మీరేం చేస్తారు?

డిగ్రీ ఆఖరి సంవత్సరం ఆడపిల్లలకి రెండు రోజులు కెరీర్ గైడెన్స్ తరగతులు తీసుకోమని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. సైకాలజీ చదువుకున్నదాన్ని, వృత్తి వికాస సిద్ధాంతాలన్నీ ఒకప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టినదాన్ని. పైగా ఉండి నేను పుట్టి పెరిగిన ఊరు. ఆ పిల్లలు ఆకివీడు వైపు నుంచి, భీమవరం వైపు నుంచి, చెరువు గట్ల మీది పల్లెల నుంచి బస్సులెక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పగలనన్న ధీమా నాకుంది.

తరగతితో పాటు ఒక ప్రశ్నాపత్రం కూడా ఇచ్చారు. ఇంగ్లీషులోంచి ఎవరో తెలుగు చేశారు. అందులో ఒక ప్రశ్న: ఖాళీ సమయంలో మీరేం చేయడానికి ఇష్టపడతారు? చాలామంది టీవీ అనో, ఫోన్ అనో, ముగ్గులు అనో రాశారు. ఒకమ్మాయి 'లేసు అల్లుతాను' అని రాసింది. జవాబుల పట్టిక ప్రకారం చేతిపనికి మార్కులు 'కళాత్మక' అనే గడిలో పడతాయి. అలా పడ్డాయి. మిగతా జవాబులతో కలిపి ఆమెది కళాత్మక వ్యక్తిత్వమనీ, ఫ్యాషన్ డిజైనింగ్, ఇంటీరియర్ డెకరేషన్ లాంటివి నప్పుతాయనీ తేలింది. నేను చదివి వినిపించాను. ఆ అమ్మాయి మర్యాదగా విని, "నాకు లేసంటే ఇష్టం లేదు మేడమ్. అమ్మకి కళ్ళు ఆనడం లేదు. శనివారం ఏజెంటు వస్తాడు, ఆ లోపల పూర్తిచేసివ్వాలి, అందుకని అల్లుతాను" అంది.

ఆ మాట వెయ్యడానికి నా పట్టికలో గడి లేదు. ఆ రోజు నేను చేసింది ఏమిటంటే, 'సరేనమ్మా' అని తరవాతి కాగితం తీసుకోవడం. ఈ వ్యాసం ఆ లేని గడి గురించి.

ముందు మాట సంగతి. కెరీర్‌కి తెలుగులో 'వృత్తి' అంటున్నాం. వృత్తి అనగానే మన ఊళ్ళల్లో ముందు తట్టేది కులవృత్తి. అది ఎంచుకునేది కాదు, పుట్టుకతో మీదపడేది. ఇక ఆడదాని పక్కన ఆ మాట ఒంటరిగా వాడితే అర్థం ఎటు జారుతుందో మనందరికీ తెలుసు. 'ఉద్యోగం' అంటే జీతం, కుర్చీ. 'పని' అంటే ఏదైనా. కెరీర్ అనే మాటలో ఉన్న అర్థం, అంటే ఒక మనిషి తన జీవితకాలమంతా ఒక దారి పట్టుకుని పైకి నడవడమనే ఊహ, మన ఆడవాళ్ళ విషయంలో ఏ తెలుగు మాటలోనూ ఇమడలేదు. అది భాషలో లోపమని నేననుకోవడం లేదు.

ఈ శాస్త్రం అంతా 1909లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంతో మొదలైందని చెప్పుకుంటారు. ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన బోస్టన్‌లో 1908లో ఒక సలహా కేంద్రం పెట్టాడు, అదే ఏడు చనిపోయాడు, పుస్తకం ఆ తరవాత వచ్చింది. నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, రెండూ సరిచూసుకో అన్నదే ఆయన చెప్పింది. వలస వచ్చిన పేద కుర్రాళ్ళు ఏ పని దొరికితే ఆ పనిలో పడి నలిగిపోతున్నారన్న బాధలోంచి పుట్టిన ఆలోచన అది. ఆ బాధ నిజమైనది. తరవాత వచ్చిన వాళ్ళ చేతుల్లో ఆ బాధ పోయి సరిచూడ్డం మాత్రం మిగిలింది. ఎడ్వర్డ్ స్ట్రాంగ్ తయారుచేసిన ఆసక్తుల పరీక్ష మగవాళ్ళకి నీలం కాగితం మీద, ఆడవాళ్ళకి గులాబీ కాగితం మీద విడివిడిగా ఉండేది. స్త్రీవాదులు గొడవ చేశాక 1974లో గానీ రెండూ ఒకటి కాలేదు. జాన్ హాలండ్ 1959 నుంచి పెంచుకుంటూ వచ్చిన ఆరు రకాల వ్యక్తిత్వాల వర్గీకరణలో రంగు కాగితాలు లేవు. కానీ ఆడపిల్లలు ఎక్కువగా 'సామాజిక', 'కళాత్మక', 'సంప్రదాయ' గడుల్లోనే తేలుతున్నారని అక్కడా గమనించారు. నా ప్రశ్నాపత్రం ఈ హాలండ్ వంశంలోదే. చిన్నప్పటి నుంచి ఏ పని చేతికిచ్చారో ఆ పనిని 'ఇష్టం' అని రాయించుకుని, ఆ ఇష్టాన్ని స్వభావం అని పేరుపెట్టి, ఆ స్వభావానికి తగిన ఉద్యోగం ఇదిగో అని తిరిగి చేతికిస్తుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు.

నాకు తగువు ఉన్నది డొనాల్డ్ సూపర్‌తో. ఎందుకంటే ఆయనంటే నాకు గౌరవం. ఉద్యోగం అనేది ఒక్క రోజు తీసుకునే నిర్ణయం కాదు, పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా సాగే ప్రయాణం అని నమ్మకంగా చెప్పింది ఆయనే. పద్నాలుగేళ్ళ దాకా పెరుగుదల, పదిహేను నుంచి ఇరవై నాలుగు దాకా అన్వేషణ, నలభై నాలుగు దాకా స్థిరపడటం, అరవై నాలుగు దాకా నిలబెట్టుకోవడం, ఆపైన తగ్గుముఖం. 1957 నాటి పుస్తకంలో ఆయన ఇంకో పని కూడా చేశాడు. ఆడవాళ్ళ జీవితాలు ఈ మగ గీత మీద నడవడం లేదని చూసి, వాళ్ళకి విడిగా ఏడు నమూనాలు రాశాడు. గృహిణిగా స్థిరపడినవాళ్ళు, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి పెళ్ళితో మానేసినవాళ్ళు, జీవితాంతం ఉద్యోగం చేసినవాళ్ళు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు, ఇలాగ. ఆ కాలంలో ఆడదాని బతుకుకి ఇన్ని రకాలున్నాయని ఒప్పుకోవడమే గొప్ప. కానీ ఏడింటినీ వరసగా చదవండి. ఇరుసు ఒకటే, పెళ్ళి. మగవాళ్ళ నమూనాల్లో గృహస్థుగా స్థిరపడిన మగవాడు లేడు.

మొదటి నమూనా నిర్వచనం దగ్గర నేను ఆగిపోయాను. చదువుతుండగానో, అయిపోయిన వెంటనేనో పెళ్ళి చేసుకుని, చెప్పుకోదగ్గ పని అనుభవం ఏమీ లేని స్త్రీలు వీళ్ళు అంటాడు సూపర్. అక్కడ మా అమ్మ కనిపించింది.

అమ్మది మొగల్తూరు పక్క పల్లె. పదహారేళ్ళకి ఉండికి కాపురానికి వస్తూ పెట్టె అడుగున లేసు సూది తెచ్చుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద, రాత్రి మేం పడుకున్నాక లైటు కింద అల్లేది. దారం ఏజెంటు ఇచ్చేవాడు, అల్లింది పట్టుకెళ్ళి లెక్కగట్టి డబ్బులిచ్చేవాడు. లెక్క ఎప్పుడూ అతనిదే. నా డిగ్రీ ఫీజులు, చెల్లెలి కళ్ళజోడు ఆ డబ్బులతోనే. ముప్ఫై ఏళ్ళు అల్లింది. ఇప్పుడు అడిగినా, "అదేం పనే, ఊరికే కూర్చోకుండా కాలక్షేపానికి అల్లుకునేవాళ్ళం" అంటుంది. సూపర్ లెక్కలో ఆమెకి చెప్పుకోదగ్గ పని అనుభవం లేదు. ఆమె లెక్కలోనూ లేదు.

ఇద్దరూ ఒకే మాట ఎలా అనగలుగుతున్నారు? దీనికి జవాబు మన పక్కనే, నరసాపురంలో ఎప్పుడో దొరికింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లే స్త్రీలని అధ్యయనం చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. అల్లిన సరుకు ఐరోపాకీ, అమెరికాకీ, ఆస్ట్రేలియాకీ పోయేది. అల్లేది మాత్రం ఇళ్ళలో కూర్చున్న వేలాది మంది ఆడవాళ్ళు, ఎక్కువగా పేద కాపు కుటుంబాల వాళ్ళు. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, అతుకు పని చేసేవాళ్ళు వేరు. ఒక్కొక్కళ్ళూ ఇంటిచాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారని, వచ్చేది పొలంలో కూలికి వెళ్ళే ఆడమనిషి సంపాదన కంటే కూడా బాగా తక్కువని ఆమె చూపించింది. అయినా వాళ్ళు కార్మికులుగా లెక్కకి రారు. జనాభా లెక్కల్లో గృహిణులు, ఎగుమతిదారుల మాటల్లో తీరిక వేళల్లో అల్లుకునే ఇల్లాళ్ళు. ఈ వ్యవస్థ నడిచేదే 'తీరిక' అన్న మాట మీద అని మీస్ చెప్పింది. తీరిక వేళ పనికి కనీస వేతనం అడగరు, సంఘం పెట్టుకోరు. అంతకన్నా ముఖ్యం, పొలానికి వెళ్ళే ఆడవాళ్ళ కంటే తాము ఒక మెట్టు పైనున్నామన్న గౌరవం ఈ 'గృహిణి' అన్న మాటలోనే దొరుకుతుంది. ఆ గౌరవం కోసమే తక్కువ డబ్బుకి అల్లుతారు. స్త్రీలని గృహిణులుగా 'తయారుచేసే' ఈ ప్రక్రియకి ఆమె పెట్టిన పేరు ఆ తరవాత ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. మీస్ 2023లో చనిపోయింది. ఆమె పుస్తకాన్ని మనం అర్థశాస్త్రమనీ, శ్రమ అధ్యయనమనీ పక్కన పెట్టుకున్నాం గానీ, వృత్తి వికాసం చెప్పే తరగతిలో దాన్ని ఎవరూ చదివించరు. నాకూ ఎవరూ చదివించలేదు.

ఇప్పుడు సూపర్ 1980లో గీసిన ఇంద్రధనుస్సు బొమ్మ చూడండి. మనిషి ఒకే సమయంలో అనేక పాత్రలు మోస్తాడు: బిడ్డ, విద్యార్థి, పౌరుడు, పనివాడు, భర్త లేదా భార్య, ఇల్లు నడిపేవాడు, తల్లి లేదా తండ్రి, పింఛనుదారు. వాటితో పాటు 'తీరిక అనుభవించేవాడు' అనే పాత్ర ఒకటి. ఒక్కో పాత్రకి ఒక్కో వంపు, ఏ వయసులో ఏది ఎంత దట్టంగా ఉందో రంగు నింపుకోవాలి. అందమైన బొమ్మ. చాలామంది స్త్రీవాద పరిశోధకులు దీన్ని మెచ్చుకున్నారు, ఇంటిపనిని కెరీర్ బొమ్మలోకి తెచ్చింది కాబట్టి. నేనూ తరగతిలో గీసి చూపించేదాన్ని. మా అమ్మకి రంగులు నింపుదామని కూర్చుంటే ఏమైందో చెప్తాను. ఇల్లు నడిపే వంపు నిండిపోయింది. పనివాడి వంపు ఖాళీ. తీరిక వంపు మాత్రం ముప్ఫై ఏళ్ళ పాటు దట్టంగా, నల్లగా. జీవితంలో ఒక్క రోజు తీరిగ్గా కూర్చోని మనిషికి తీరికే పెద్ద కెరీర్ అని తేలింది! సూపర్ ఆడవాళ్ళని మరిచిపోయాడని నేననను. పాత్రలు దేనికవి విడిగా ఉంటాయని నమ్మాడు. ఇంటిపని, కూలిపని, తీరిక ఒకే ఒడిలో, ఒకే సూది కొనమీద ఉండే బతుకు ఆయన బొమ్మలో పట్టదు.

దీనికి జవాబుగా స్త్రీలే రాసిన సిద్ధాంతాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1981లో గెయిల్ హాకెట్, నాన్సీ బెట్జ్ ఒక విద్యార్థుల బృందాన్ని పరిశీలించారు. పరీక్షల్లో చూస్తే సామర్థ్యంలో తేడా లేదు, అయినా మగవాళ్ళవని పేరుపడ్డ ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లలకి 'నేను చేయగలను' అన్న నమ్మకం తక్కువగా ఉంది. ఇది విలువైన పరిశీలన. దీని మీద కట్టిన సిద్ధాంతం 1994 నాటికి అడ్డంకులు, ఆసరాలు అనే మాటల్ని కూడా కలుపుకుని బాగా విస్తరించింది. కానీ తరగతి గదిలోకి వచ్చేసరికి అందులోంచి మిగిలేది ఒక్క మాటే: ఆత్మవిశ్వాసం. సిద్ధాంతాన్ని అన్వయించడం అంటే మనవాళ్ళకి ఇదే. వక్త వేదికెక్కి 'మీలో ఆత్మవిశ్వాసం లేదు, పెంచుకోండి' అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. లేసు అల్లే అమ్మాయికి ఆత్మవిశ్వాసం బోలెడుంది. శనివారంలోగా పూర్తి చేయగలనని ఆమెకి తెలుసు, చేసింది కూడా. లేనిది ఆమెదైన ఒక సాయంత్రం.

లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ సిద్ధాంతం, అదీ 1981దే, నాకు ఎక్కువ పనికొచ్చింది, అదే సమయంలో ఎక్కువ చిరాకు తెప్పించింది. (ఆమె తరవాతి రోజుల్లో జాతి, తెలివితేటల గురించి రాసిన రాతలతో నాకు పూర్తిగా విరోధం, అది ఇక్కడ విషయం కాదు.) పిల్లలు ఉద్యోగాల్ని ఎంచుకోరు, ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వస్తారు అంటుంది ఆమె. మూడు నుంచి అయిదేళ్ళకి పెద్దా చిన్నా, బలమూ తెలుస్తాయి. ఆరు నుంచి ఎనిమిదికి ఇది ఆడపని, ఇది మగపని అని కొన్ని కొట్టేస్తారు. తొమ్మిది నుంచి పదమూడుకి అంతస్తు చూసి ఇంకొన్ని. పద్నాలుగు దాటాకే 'నాకేది ఇష్టం' అన్న ప్రశ్న. అప్పటికి మిగిలినవి గుప్పెడు. తరగతిలో ఇది చెబితే పిల్లలు నిశ్శబ్దంగా అయిపోతారు, ఎందుకంటే ఇది నిజమని వాళ్ళకి తెలుసు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ట్రాక్టర్ నడపాలనుకుందిట, రెండో తరగతి దాకా.

కానీ మన డెల్టాలో ఈ కొట్టివేతకి ఇంకో చెయ్యి ఉంది. అంతస్తు తెలియడానికి తొమ్మిదేళ్ళు రానక్కర్లేదు. ఏ బావి దగ్గరికి వెళ్ళకూడదో, ఎవరింట్లో మంచినీళ్ళు తాగకూడదో బడికి వెళ్ళకముందే తెలుస్తుంది. లేసు అల్లే పిల్లకి పొలంపని కొట్టేసి ఉంటుంది, 'మనం వెళ్ళం' కాబట్టి. పేటలో పిల్లకి అరుగు మీద కూర్చుని అల్లడం కొట్టేసి ఉంటుంది, ఆ అరుగే లేదు కాబట్టి. ఆడపనిలో మళ్ళీ ఏ కులం ఆడపని అన్నది గాట్‌ఫ్రెడ్‌సన్ వయసుల పట్టికలో ఎక్కడ రాయాలి? దళిత స్త్రీలు రాసిన ఎన్నో కథల్లో, కవిత్వంలో ఈ విషయం ఎప్పుడో వచ్చింది. సిద్ధాంతంలోకే రాలేదు.

ఇక పద్నాలుగేళ్ళు దాటాక మిగిలిన ఆ గుప్పెడైనా నిలకడగా ఉంటుందా? ఉండి, ఆకివీడు మండలాల్లో నా చిన్నప్పుడు కనుచూపు మేర వరి ఉండేది. నాట్లు, కలుపు, కోతలు, కుప్పనూర్పిళ్ళు, వీటిల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల మీదే నడిచేది. తరవాత పొలాలు చెరువులయ్యాయి, ముందు చేపలు, ఆ తరవాత రొయ్యలు. చెరువు మీద ఆడకూలీకి పని లేదు. మేత చల్లేది, ఏరేటర్లు చూసేది, రాత్రి కాపలా ఉండేది మగవాళ్ళు. ఒక ఊరి ఆడవాళ్ళందరి పని పోయింది, వాళ్ళ ఆసక్తి మారినందువల్ల కాదు, భూమి ఉన్నవాళ్ళ లెక్క మారినందువల్ల. అటు కొల్లేటిలో 2006 నాటికి చెరువు గట్లు కొట్టేసినప్పుడు కూడా అంతే, అక్కడి ఆడవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. మళ్ళీ పని దొరికింది రొయ్యల ఫ్యాక్టరీల్లో. చల్లటి షెడ్డుల్లో గంటల తరబడి నిలబడి, వేళ్ళు తిమ్మిరెక్కేలా తలలు తీయడం, పొట్టు వలవడం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రైతు నష్టం గురించి చాలా రాశారు, రాయాల్సిందే. షెడ్డులో తల తీసే ఆమె గురించి వెతుక్కుంటే గానీ కనబడలేదు. జాన్ క్రంబోల్ట్జ్, మరి ఇద్దరు కలిసి 1999లో అనుకోని సంఘటనల్ని అవకాశాలుగా మలుచుకోవాలని ఒక సిద్ధాంతం చెప్పారు. కుతూహలం, పట్టుదల, పట్టువిడుపులు, ఆశావాదం, తెగువ ఉండాలట. ఈ అయిదూ మా ఊరి ఆడవాళ్ళ దగ్గర ఉన్నంతగా ఇంకెక్కడా ఉండవు. అనుకోని సంఘటనని ఎవరు తెచ్చిపెడుతున్నారన్నదే ఆ సిద్ధాంతం అడగని ప్రశ్న.

కువైట్ సంగతి కూడా ఒక్క మాట. నరసాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల నుంచి ఎంతమంది ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళారో లెక్కే లేదు. అక్కడ ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. అంటే సూపర్ 'స్థిరపడే దశ' నడుమ మా ఊరి ఆడదానికి 'అన్వేషణ' మొదలవుతుంది, పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి.

సిద్ధాంతాలు పక్కన పెట్టి ఆత్మకథలు తీయాలనిపించింది. ఉండి నుంచి రైలెక్కితే గుడివాడ, అక్కడికి దగ్గర్లోనే పామర్రు. కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో పుట్టిన ఊరు. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది, ఆమెకి తొంభై దాటాక. మనలో చాలామంది దాన్ని ఉద్యమ చరిత్రగా, తల్లి దుఃఖంగా చదివాం. ఒకసారి కెరీర్ పుస్తకంగా చదివి చూడండి. ఊహ తెలియకముందే పెళ్ళి, వైధవ్యం. 'అన్వేషణ' వయసులో పునర్వివాహం, పార్టీ, పాటలు, నాటకాలు. 'స్థిరపడే' వయసులో అజ్ఞాతవాసం, ఆ తరవాత భర్త దూరం కావడం. అప్పుడు, ముప్ఫైల్లో, హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదవడం, కాకినాడలో పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టల్లో ఉద్యోగం. 'నిలబెట్టుకునే' వయసులో కన్నబిడ్డలిద్దర్నీ పోగొట్టుకోవడం. 'తగ్గుముఖం' అన్న చోట రచయిత్రి కావడం. సూపర్ గీత మీద ఇదంతా చెదిరిపోయిన జీవితం. ఏడు నమూనాల్లో వెతికితే 'అస్థిర' అన్న గడి దొరుకుతుంది, దాంట్లో పడేయాలి.

నాకు ఇక్కడ పట్టుకున్న విషయం ఇంకొకటి. పార్టీలో అన్నేళ్ళు చేసింది పని కాదా? స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణా పోరాటంలోని స్త్రీలు చెప్పిన జీవితాల్లోనూ ఇదే ప్రశ్న ఉంది. రహస్య స్థావరంలో వంట చేయడం, ఉత్తరాలు చేరవేయడం, కాపలా కాయడం, బిడ్డ ఏడిస్తే నోరు మూయడం, ఇవన్నీ ఉద్యమానికి 'సాయం'. ఉద్యమం ముగిశాక మగవాడు నాయకుడిగా, ఎమ్మెల్యేగా, పత్రికా సంపాదకుడిగా ముందుకు నడిచాడు. ఆమె మెట్రిక్ దగ్గర మొదలుపెట్టాలి. లేసు 'తీరిక' అయినట్టే ఉద్యమం 'సాయం' అయింది. ఎగుమతిదారుకీ విప్లవకారుడికీ పోలిక పెడుతున్నానని కోపగించుకోవద్దు. నేను పోలుస్తున్నది మనుషుల్ని కాదు, పనికి పేరు పెట్టిన పద్ధతిని.

ఆమెకి ఆ మెట్రిక్ దారి ఉండటమే ఒక వరం. దాని వెనక ఇంకో స్త్రీ ఉంది. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, పెద్దయ్యాక ఆ పెళ్ళిలోంచి బయటికి వచ్చిన దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు మధ్యలో తెగిపోయిన స్త్రీలకి కొద్దికాలంలో మెట్రిక్ దాకా చదివించే సంక్షిప్త కోర్సుల్ని 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి దేశమంతటా మొదలుపెట్టినప్పుడు దానికి మూలశక్తి ఆమే. ఆడదాని చదువు మధ్యలో తెగుతుంది, ముప్ఫై ఏళ్ళకి మళ్ళీ అతుక్కోవచ్చు అన్న సంగతి మీద ఒక సంస్థనే కట్టింది. ఏ అన్వేషణా దశ పట్టికా చూడకుండా! నా దృష్టిలో మనకున్న అసలైన వృత్తి వికాస సిద్ధాంతం ఇది. దాని రూపం పుస్తకం కాదు, హాస్టల్ గది, ఫీజు రాయితీ, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు.

ఇది చదివిన స్నేహితురాలు ఒకామె, తనూ ఈ సబ్జెక్టు చెప్పేదే, నా మీద ఒక అభ్యంతరం పెట్టింది. 2000 తరవాత వచ్చిన వాళ్ళని నువ్వు వదిలేశావు అంది. డేవిడ్ బ్లూస్టీన్ 2006లో, ఎంచుకునే వీలే లేని వాళ్ళ పని గురించి ఎందుకు మాట్లాడమని అడిగాడు కదా, మార్క్ సవికాస్ కెరీర్ అంటే మనిషి తన గురించి చెప్పుకునే కథ అన్నాడు కదా, బెంగుళూరులో గిడియన్ అరుల్‌మణి మన సంస్కృతికి తగ్గట్టు పద్ధతులు మార్చాలని పనిచేస్తూ వచ్చాడు కదా అంది. నిజమే. వాళ్ళు పాతవాళ్ళ కంటే నాకు దగ్గరవాళ్ళు. అయితే కథ చెప్పుకోవాలంటే పనిని పని అని పిలిచే మాట ముందు నోటికి రావాలి. మా అమ్మని నీ కథ చెప్పమంటే 'నాదేముందే' అంటుంది. ఆమె అబద్ధమాడటం లేదు. ఆ మాట ఆమెకి నేర్పినదే. కోటేశ్వరమ్మకి ఆ మాట రావడానికి తొంభై ఏళ్ళు పట్టింది.

మరుసటి ఏడు మళ్ళీ తరగతి ఇచ్చారు. ప్రశ్నాపత్రాన్ని పంచలేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి, నిన్న లేచినప్పటి నుంచి పడుకునే దాకా గంటగంటకీ ఏం చేశారో రాయమన్నాను. ఆ పక్కన ఇంకో వరస గీయించాను: ఆ పని ఎవరి కోసం, దానికి డబ్బెవరికి వచ్చింది. మొదట నవ్వులాటగా ఉంది. తరవాత గోల తగ్గింది. ఒకమ్మాయి బస్సు కోసం రోజుకి రెండు గంటలు నిలబడుతున్నానని అప్పుడే గుర్తించింది. ఇంకొకామె తమ్ముడి యూనిఫాం, తమ్ముడి టిఫిన్, తమ్ముడి హోంవర్కు అని వరసగా రాసి, కిందకి వచ్చేసరికి కలం పక్కన పెట్టేసింది. వాళ్ళ ఇష్టాలేమిటో నేనడగలేదు. ఈ గంటల్లో ఏది వదిలించుకోవచ్చు, ఏది వదలకుండానే డబ్బు పెంచుకోవచ్చు, దేనికి ఇంట్లో ఎవరితో మాట్లాడాలి అన్న దగ్గర మాటలు మొదలయ్యాయి. గైడెన్స్ తరగతి కాస్తా కుటుంబ పంచాయితీ అయిపోయిందని పక్క గదిలోంచి ఒక మాట వినబడింది కూడా.

మొదటి ఏడు నాటి లేసమ్మాయి అప్పటికి డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. తెలిసినవాళ్ళ ద్వారా పిలిపించి ఆ కాగితం ఆమెకీ ఇచ్చాను. అప్పటి నా తప్పు నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఆమె పొద్దున్న అయిదు నుంచి రాసుకుంటూ వచ్చి, రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా ఖాళీ వదిలేసింది. ఏమిటిది అంటే, "లేసు మేడమ్. అది రాయాలా?" అంది. రాయమన్నాను. పక్క వరసలో 'ఎవరి కోసం' అన్న చోట 'అమ్మ' అని రాసి, కొట్టేసి, 'ఏజెంటు' అని రాసి, అదీ కొట్టేసింది. తరవాత తనే కింద ఖాళీలో లెక్క వేసింది. ఒక టేబుల్ క్లాత్‌కి ఎన్ని రాత్రులు, ఎంత ఇచ్చాడు, గంటకి ఎంత పడింది. వచ్చిన అంకె చూసి మళ్ళీ మొదటి నుంచి వేసింది, ఎక్కడో తప్పు వేశానేమో అని. తప్పేమీ లేదు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఆమెకి తెలుసు, ఫోన్లో చూసిందట. దానివల్ల ధర పెరిగిందా అని అడిగాను. ఏజెంటు ఆ మాటే ఎత్తలేదంది. బయోడేటాలో 'అనుభవం' అన్న చోట 'లేసు అల్లిక, ఏడేళ్ళు' అని రాయించాను. భీమవరంలో ఒక దుస్తుల కొట్టుకి పంపింది, వాళ్ళు కంప్యూటర్ బిల్లింగ్ వచ్చా అని అడిగారు, రాదంది. ఇప్పుడు టాలీ నేర్చుకుంటోంది. ఫీజు లేసు డబ్బుల్లోంచే. క్లాసు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర, ఉండికి తిరిగి వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. శనివారం ఏజెంటు వస్తాడు. ఈసారి దారం ఇచ్చేటప్పుడు తూకం తనూ చూస్తానందట. చూడనిచ్చాడో లేదో ఇంకా చెప్పలేదు.